కారుణ్య మరణం అడిగేవాళ్లు ఏమడుగుతున్నారు?

'కారుణ్య మరణానికి అనుమతించండి' అన్న శీర్షిక మన పత్రికల జిల్లా పేజీలు చదివేవాళ్లకి కొత్త కాదు. భూమి తగాదాలో ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిపోయిన రైతు, బిడ్డ వైద్యానికి ఉన్నదంతా అమ్ముకున్న తల్లిదండ్రులు, మంచం పట్టిన కొడుకుని ఏళ్ల తరబడి ఎత్తి దించుతున్న ముసలి తండ్రి, అందరూ ఆ మాటే రాసి కలెక్టరుకో కోర్టుకో రాష్ట్రపతికో అర్జీ పెడతారు. మర్నాడు ఫొటోతో వార్త పడుతుంది. ఒక్కోసారి అధికారి ఇంటికొస్తాడు, ఒక్కోసారి ఎవరూ రారు. తర్వాత ఆ అర్జీ ఏమైందో చదివినవాళ్లకి తెలిసేది తక్కువ.

చట్టప్రకారం చూస్తే ఈ అర్జీలు దాదాపు అన్నీ చెల్లనివే. మనిషి అడిగాడు కదా అని మందిచ్చి ప్రాణం తీసే అధికారం మన దేశంలో ఏ డాక్టరుకీ, ఏ కలెక్టరుకీ, ఏ కోర్టుకీ లేదు. అయితే చెల్లదని పక్కన పడేస్తే లోపలున్న సంగతి కూడా పోతుంది. చచ్చిపోతానని నోరు తెరిచి అడిగే మనిషి దేన్ని చూసి ఆ మాట అంటున్నాడు? ఏం దొరికితే వెనక్కి తీసుకుంటాడు? ఏం దొరికినా తీసుకోనివాళ్లు ఎవరు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్నలు వేసుకోవడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి.

ముందు రాయలసీమలో జరిగిన రెండు సంగతులు చెప్పాలి. 2016లో చిత్తూరు జిల్లాలో ఒక పేద జంట, కాలేయ జబ్బుతో ఉన్న ఎనిమిది నెలల బిడ్డకి కారుణ్య మరణం ఇమ్మని తంబళ్లపల్లె కోర్టుకి వెళ్లారు. అది తమ పరిధి కాదని కోర్టు చెప్పింది. వార్త రాష్ట్రమంతా పాకింది. ప్రభుత్వం ఖర్చు పెట్టుకుంటానంది, తండ్రి కాలేయంలో ముక్క తీసి చెన్నైలో బిడ్డకి అమర్చారు. అంటే ఆ అర్జీకి సరైన జవాబు కోర్టు దగ్గర లేదు, ఆపరేషన్ బల్ల మీద ఉంది. అయిదేళ్ల తర్వాత, 2021లో, అదే జిల్లా పుంగనూరులో ఇంకో తల్లి జబ్బుపడ్డ కొడుకు కోసం అదే అర్జీ పట్టుకుని కోర్టుకి వెళ్లింది. ఆ పిల్లాడు అదే రోజు చనిపోయాడు. ఈ రెండు అర్జీల్లోనూ రాసింది చావు గురించే. అడిగింది మాత్రం వైద్యం. ఒకరికి సమయానికి అందింది, ఒకరికి అందలేదు.

మన దగ్గర వచ్చే కారుణ్య మరణం అర్జీల్లో ఎక్కువ ఈ కోవలోవే అని నా నమ్మకం. వాటిని మరణం కింద లెక్కపెట్టడం తప్పు, అవి ఆరోగ్యశ్రీకి అందని అర్జీలు. కానీ అన్నీ అలాంటివే అనుకుంటే ఒక మనిషికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఆ మనిషి హైదరాబాదు యువకుడు కె. వెంకటేశ్. చదరంగం ఆటగాడు. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అనే జబ్బు అతనిది. 2004 చివర్లో, 25 ఏళ్ల వయసులో, ఆసుపత్రిలో యంత్రం సాయంతో ఊపిరి పీలుస్తున్నప్పుడు అతను అడిగింది ఒకటే: నేను ఎలాగూ పోతాను, నా అవయవాలు పాడైపోకముందే తీసి ఎవరికైనా ఇవ్వండి. ఆ కోరికను అతని తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు పెట్టింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు పనిచెయ్యడం ఆగిపోయినట్టు డాక్టర్లు ధ్రువీకరించాకే, తీస్తే ప్రాణం పోయే అవయవాలు తియ్యాలి. వెంకటేశ్ మెదడు చదరంగం ఎత్తులు వెయ్యగలిగినంత చక్కగా పనిచేస్తోంది. హైకోర్టు కుదరదంది. ఆ తీర్పు వెంటనే, ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. కళ్లు మాత్రం దానం చెయ్యగలిగారు. శ్రీకాంత్ మూర్తి రాసిన 'ది లాస్ట్ హుర్రా' నవలకీ, దాని ఆధారంగా 2022లో రేవతి తీసిన 'సలామ్ వెంకీ' సినిమాకీ మూలం ఈ కథే.

వెంకటేశ్ కేసులో నన్ను పట్టుకునేది ఒకటుంది. అతని కుటుంబం అతన్ని బరువనుకోలేదు. తల్లి ఇరవై ఏళ్లకు పైగా కంటికి రెప్పలా చూసుకుంది. డబ్బిస్తే తీరే సమస్యా కాదు, మందిస్తే తగ్గే జబ్బూ కాదు. మరి కొద్ది రోజుల్లో ఎలాగూ రాబోయే చావుని తన చేతిలోకి తీసుకుని ఎవరికో పనికొచ్చేట్టు చేసుకోవాలనుకున్నాడు. ఏ పింఛనూ ఏ పథకమూ తీర్చలేని కోరిక అది. ఇలాంటివాళ్లు కొద్దిమందే, కానీ ఉన్నారు. కారుణ్య మరణం వద్దు అనేవాళ్లు జవాబు చెప్పవలసింది వీళ్లకే.

కోర్టుల కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. చచ్చే హక్కు రాజ్యాంగంలో ఉందా అన్న చర్చలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలినాళ్లలోనే, 1980ల చివర్లో, చెన్న జగదీశ్వర్ కేసులో లేదని చెప్పింది. సుప్రీంకోర్టు 1994లో పి. రత్తినం కేసులో ఉందనీ, 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో లేదనీ అంది. ముంబయి కెఈఎం ఆసుపత్రిలో 1973 నుంచి స్పృహ లేకుండా పడివున్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011 మార్చిలో ఒక కిటికీ తెరిచింది: బతికించే యంత్రాలు, మందులు ఆపడానికి హైకోర్టు అనుమతితో ఒప్పుకోవచ్చు. అరుణ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు, ఆమెను చూసుకుంటున్న నర్సులు వద్దన్నారు. ఆమె 2015 మేలో న్యుమోనియాతో పోయింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమేననీ, ఏ చికిత్స వద్దో ముందుగానే వీలునామాలా రాసుకోవచ్చనీ తేల్చింది. ఆ తీర్పులో పెట్టిన పద్ధతి ఎంత చిక్కుగా ఉందంటే దాన్ని ఆచరణలో పెట్టడమే కష్టమైంది. 2023 జనవరిలో కోర్టే దాన్ని సులువు చేసింది. ఆ వివరం చివర్లో చెప్తాను, ఎందుకంటే మన జిల్లాలకి పనికొచ్చేది అదే.

ఈ చివరి తీర్పుల చర్చ ఎక్కువగా తిరిగేది వెంటిలేటరు చుట్టూ. యంత్రం మీద ఉన్న మనిషి, ఆపాలా వద్దా అన్న ప్రశ్న. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసకి వెళ్తే ప్రశ్న వేరే యంత్రం దగ్గర ఎదురవుతుంది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. షుగరు లేదు, బీపీ లేదు, పొలం పని చేసుకునే మనిషి, నలభై దాటేసరికి మూత్రపిండాలు సన్నగిల్లిపోతాయి. 2019లో అచ్చయిన ఒక సర్వేలో పరీక్షించిన పెద్దవాళ్లలో పద్దెనిమిది శాతం మందికి కిడ్నీ జబ్బు కనిపించింది, వాళ్లలో ఎక్కువమందికి తెలిసిన కారణమేదీ లేదు. విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన డాక్టర్ రవిరాజు కాలం నుంచి నీళ్లనీ, నేలనీ, ఎండనీ, పురుగుమందుల్నీ పరీక్షిస్తూనే ఉన్నారు. ఇదీ అని తేలలేదు. తేలకపోయినా జబ్బు ఆగదు కదా. చివరి దశకి వచ్చినవాడు డయాలసిస్ మంచం మీద పడుకోవాలి.

ఆ మంచం ఎలా ఉంటుందో కొంచెం చూడాలి. వచ్చీరాగానే బరువు తూస్తారు. పోయినసారి వెళ్లేటప్పటి బరువు మీద ఎంత పెరిగిందో అంత నీరు ఒంట్లో చేరినట్టు. చేతి మీద సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా దగ్గర చెయ్యి పెడితే జివ్వున రక్తం పారుతున్నది తెలుస్తుంది, అక్కడే రెండు లావుపాటి సూదులు. నాలుగు గంటలు. పక్కన పడుకున్న మనిషి పోయిన వారం ఉన్నవాడా, కొత్తవాడా అని చూపులు తిరుగుతాయి. పాతవాడు రాకపోతే ఎందుకు రాలేదని నర్సుని ఎవరూ అడగరు. దిగేటప్పటికి ఒళ్లు పీల్చేసినట్టుంటుంది, ఆ పూట ఏ పనీ కాదు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు, బతికున్నన్నాళ్లూ ఇంతే. రోజుకి తాగే నీళ్లు గ్లాసులతో లెక్క. ఇంకో శిక్ష వైద్యపుస్తకంలో ఒక వాక్యమే గానీ ఆ ఊళ్లో చాలా పెద్దది: పొటాషియం పెరుగుతుందని కొబ్బరి నీళ్లు తాగకూడదు, పనస తినకూడదు, జీడిపప్పు ముట్టకూడదు. ఉద్దానం రైతు బతుకంతా కొబ్బరీ, పనసా, జీడే. తన చెట్టు కాపు తన నోటికి విషమైన మనిషి ఆ చెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఏమనుకుంటాడో రాయడానికి ఆరోగ్య శాఖ ఫారాల్లో గడి లేదు.

ఈ మనుషుల నోట కారుణ్య మరణం అన్న మాట రాదు. అది పేపరు మాట. ఇంట్లో వినపడేది వేరు. 'సాలు బాబూ, మరి నన్నొగ్గేయండి' అంటారు. 'ఎన్నాళ్లు ఈ సూదులు, నాను రాను' అంటారు. 'పిల్లలకి బరువైపోనాను' అంటారు. కోడలు 'అలగనకండి మావా' అంటుంది, కొడుకు చెన్నై నుంచో హైదరాబాదు నుంచో ఫోనులో కోప్పడతాడు. శ్రీకాకుళం వలస జిల్లా. డయాలసిస్‌కి తోడు వెళ్లాల్సిన వయసువాళ్లు అపార్టుమెంట్లు కట్టే పనుల్లో ఎక్కడో ఉంటారు. ముసలి మొగుడికి ముసలి పెళ్లామే తోడు. వారానికి రెండురోజులు ఆటో, కూలి పోగొట్టుకున్న రోజులు, సంచీలో అన్నం డబ్బా. ఆ లెక్కలన్నీ రోగి మంచం మీదే వేసుకుంటాడు.

ఒకప్పుడు ఆ లెక్క ఇంకా ఘోరంగా ఉండేది. ఊళ్ల దగ్గర డయాలసిస్ లేని రోజుల్లో ఇచ్ఛాపురం మనిషి విశాఖపట్నం దాకా, రెండువందల కిలోమీటర్లు దాటి వెళ్లాల్సి వచ్చేది. ఖర్చు మొయ్యలేక మానేసినవాళ్లున్నారు. మానేస్తే కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో, ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ చావుల్ని ఎవరూ ఆత్మహత్య అనలేదు, కారుణ్య మరణమూ అనలేదు, 'కిడ్నీ రోగంతో పోయాడు' అన్నారు. ఆ తర్వాత సోంపేట, పలాస, టెక్కలి, కవిటి, హరిపురంలో కేంద్రాలొచ్చాయి. డయాలసిస్ రోగులకి నెలకి పదివేల పింఛను వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నీళ్లు గొట్టాల్లో ఉద్దానానికి వచ్చాయి. రాజకీయంగా ఎవరి ఖాతాలో ఏది వెయ్యాలో మీకు తోచినట్టు వేసుకోండి. మానేసే కారణాల్లో కొన్ని తగ్గాయన్నది మాత్రం ఖాయం.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పదివేల పింఛను వచ్చే రోగి ఆ ఇంట్లో నెలనెలా ఖాయంగా డబ్బు తెచ్చే ఏకైక మనిషి కావచ్చు. అలాంటి ఇంట్లో 'ఇక చాలు' అనడం ఇంకో రకంగా కష్టం. నేను పోతే నా మందుల ఖర్చు తగ్గుతుంది అనుకునేవాడూ, నేను పోతే పింఛను ఆగిపోతుంది అనుకునేవాడూ, ఇద్దరూ తమ ప్రాణాన్ని ఇంటి జమాఖర్చు కింద చూసుకుంటున్నవాళ్లే. వాళ్ల కోరిక స్వేచ్ఛగా వచ్చిందా అని అడిగితే ఏమని చెప్పగలం?

అయినా స్వేచ్ఛగా ఆపేవాళ్లు ఉంటారు. డెబ్బై దాటి, గుండె కూడా నీరసించి, ప్రతి డయాలసిస్‌కీ బీపీ పడిపోయి వణికిపోయే మనిషి 'ఇక వద్దు' అంటే అది తెలివిగల నిర్ణయమే కావచ్చు. బుద్ధి సరిగా ఉన్న పెద్దమనిషి వైద్యం వద్దనుకునే హక్కు 2018 తీర్పులో స్పష్టంగా ఉంది. అమెరికాలో డయాలసిస్ రోగుల మరణాల్లో చెప్పుకోదగ్గ భాగం అలా చికిత్స ఆపుకున్న తర్వాత వచ్చేవే, దాన్ని అక్కడ మామూలు వైద్య నిర్ణయంగా నమోదు చేస్తారు. ఆపే ముందు డాక్టరు కూర్చుని మాట్లాడతాడు, దిగులు జబ్బేమైనా ఉందేమో చూస్తాడు, రేపు మనసు మారితే మళ్లీ రావచ్చని చెప్తాడు, ఆయాసానికీ దురదకీ వికారానికీ ఇంట్లో వాడే మందులు రాస్తాడు. మన దగ్గర ఆపే మనిషి ఊరికే రావడం మానేస్తాడు. మాట్లాడటం, మందులు, మనసు మార్చుకునే దారి, ఈ మూడూ లేకుండా ఊపిరితిత్తుల్లో నీరు చేరి, కూర్చోలేక పడుకోలేక పోతాడు. హక్కు ఒకటే, చావు వేరు.

వెంటిలేటరు ప్రశ్న కూడా మనకి లేకపోలేదు. దాన్ని మనం కోర్టు దాకా పోకుండా హైవే మీద పరిష్కరించుకుంటున్నాం. విశాఖలో ఐసీయూలో ఉన్న మనిషి గురించి డాక్టరు 'ఇంక మా చేతుల్లో ఏం లేదు, తీసుకెళ్లిపోండి' అంటాడు. వైద్యుల సలహాకి విరుద్ధంగా, ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నట్టు కొడుకు సంతకం పెడతాడు. సలహా ఇచ్చిందీ వాళ్లే, విరుద్ధంగా అని రాయించుకుందీ వాళ్లే! అంబులెన్సులో టెక్నీషియన్ చేత్తో గాలి సంచీ నొక్కుతూ ఉంటాడు. ఆనందపురం, రణస్థలం, శ్రీకాకుళం, నరసన్నపేట దాటుతుంటే బంధువులు ఫోన్లలో ఊరికి కబురు పెడుతూ ఉంటారు. ప్రాణం ఉండగా గుమ్మం చేరాలి, అదొక్కటే ఆత్రం. మంచం వాకిట్లో వేస్తారు, నోట్లో తులసి నీళ్లు పోస్తారు, అప్పుడు గొట్టం తీస్తారు. దీనికి చట్టంలో పేరుంది, బతికించే చికిత్సను ఉపసంహరించడం అని. చట్టం చెప్పిన బోర్డుల్లేకుండా, నొప్పి మందు లేకుండా, డాక్టరు లేకుండా, ఆ నిర్ణయం తాలూకు పాపమంతా సంతకం పెట్టిన కొడుకు నెత్తిన వేసి మనం చేసే పద్ధతి ఇది. 'నేనే సంతకం పెట్టాను' అని ఏళ్ల తర్వాత కూడా తలుచుకునే కొడుకులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఇక 2022లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ముక్కలు తీసి చేసిన పార్వతీపురం మన్యం కొండల మీద ఈ ప్రశ్నలేవీ రావు. రోడ్డు దాకా డోలీలో మోస్తేనే వైద్యం దొరికే చోట, ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్న కన్నా ముందు ఎప్పుడు మొదలవుతుంది అన్నది ఉంది.

బయటి ప్రపంచంలో ఈ అడిగేవాళ్ల గురించి మనకన్నా ఎక్కువ తెలుసు, ఎందుకంటే అక్కడ చట్టాలున్నాయి, లెక్కలు రాస్తారు. స్విట్జర్లాండులో స్వార్థం లేకుండా సాయం చేస్తే నేరం కాదన్న శిక్షాస్మృతి 1942 నుంచి అమల్లో ఉంది. అమెరికాలోని ఓరెగాన్‌లో 1997 నుంచి, నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి చట్టాలున్నాయి. మనవాళ్లు గుంపుగా ఉండే కాలిఫోర్నియాలో 2016 నుంచి, న్యూజెర్సీలో 2019 నుంచి, ఆస్ట్రేలియా విక్టోరియాలో కూడా 2019 నుంచి ఆ హక్కు ఉంది. అంటే న్యూజెర్సీ ఎడిసన్‌లో పౌరసత్వం తీసుకుని స్థిరపడ్డ తెలుగు తండ్రికి ఉన్న దారి, పాలకొండలో ఉన్న అతని అన్నకి లేదు. ఇద్దరికీ ఒకే క్యాన్సరు వచ్చినా సరే.

ఓరెగాన్ లెక్కలు ఏటా అచ్చవుతాయి. అడిగినవాళ్లు చెప్పిన కారణాల్లో నొప్పి మొదటిది అనుకుంటాం. కాదు. నా మీద నాకు అదుపు పోతోంది, ఇష్టమైన పనులు చేసుకోలేకపోతున్నాను, మర్యాద పోతోంది - ఇవీ ముందు వరసలో ఉండేవి. ఇంటివాళ్లకి బరువవుతున్నాను అన్నది ఆ తర్వాత. నొప్పి ఇంకా కింద. ఇంకో సంగతి: మందు చీటీ తీసుకున్నవాళ్లలో సుమారు మూడోవంతు మంది ఆ మందు వాడకుండానే జబ్బుతో సహజంగా పోతారు. వాళ్లకి కావలసింది చావు కన్నా, తలుపు తాళం తమ దగ్గరుందన్న ధైర్యం.

కెనడాలో హార్వీ చోచినోవ్ అనే మానసిక వైద్యుడు 1995లో, చివరి దశలో ఉన్న 200 మందితో మాట్లాడి చేసిన అధ్యయనాన్ని అచ్చువేశాడు. త్వరగా పోతే బాగుండును అని ఎప్పుడో ఒకసారి అనుకున్నవాళ్లు 44.5 శాతం. ఆ కోరిక గట్టిగా, వదలకుండా ఉన్నవాళ్లు 8.5 శాతం మాత్రమే. ఆ గట్టిగా ఉన్నవాళ్లలో సగానికి పైగా దిగులు జబ్బు ఉన్నవాళ్లు. ఈ అంకెల్ని ఉద్దానానికి అతికించలేం గానీ, 'ఒగ్గేయండి' అన్న మాట విన్నప్పుడు ఏం చెయ్యాలో ఇవి చెప్తాయి. ఆ మాటని కొట్టిపారెయ్యకూడదు, వెంటనే సరే అనీ అనకూడదు. వారం ఆగి మళ్లీ అడగాలి. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, ఎక్కడ నొప్పి, దేనికి భయం అని అడగాలి.

మన సంప్రదాయంలో ఈ కోరికకి చోటు లేదనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆయాసం లేని చావునిమ్మని గుళ్లో కూర్చుని మొక్కుకునే జనం మనం. కాశీలో చావడానికే వెళ్లిన పెద్దల కథలు ఉత్తరాంధ్రలో బ్రాహ్మణ, వైశ్య కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1982 నవంబరులో వినోబా భావే అన్నం, మందులు మానేసి పౌనార్ ఆశ్రమంలో ప్రాణం విడిస్తే దేశం దాన్ని నేరం అనలేదు. తిండి మానేసి ప్రాణం విడిచే జైనుల సంథారా వ్రతాన్ని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు ఆత్మహత్య అంది, అదే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని నిలిపేసింది. చావుని ఎదురెళ్లి పలకరించిన పెద్దలకి దండం పెడతాం, అదే మాట డయాలసిస్ మంచం మీది కూలీ అంటే 'పిచ్చిమాటలు మానుకో' అంటాం.

అయితే మందిచ్చి ప్రాణం తీసే చట్టం మన జిల్లాలకి కావాలా? ఇప్పుడు వద్దు అనే అంటాను. కారణం మతం కాదు. క్యాన్సరు నొప్పితో మెలికలు తిరిగే మనిషికి మార్ఫిన్ మాత్ర అందని చోట, చావే మందు అని చెప్పే హక్కు ప్రభుత్వానికి లేదు. 1985 మాదకద్రవ్యాల చట్టం భయంతో దేశంలో చాలా ఆసుపత్రులు మార్ఫిన్‌ని తాకడం మానేశాయి. 2014లో సవరించి సులువు చేసినా, ఆ మాత్ర జిల్లా కేంద్రం దాటి మండలానికి రావడం ఇంకా గగనమే. కిడ్నీలు పోయినవాళ్లకి మార్ఫిన్ ఒంట్లో పేరుకుంటుంది, వాళ్లకి ఫెంటానిల్ లాంటి వేరే మందు కావాలి, దాన్ని ఎంత ఇవ్వాలో తెలిసిన డాక్టరు కావాలి. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఈ పని చాలా ఏళ్లుగా చేస్తోంది. కేరళలో 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలుపెట్టిన పని ఇంటింటికీ నర్సు వెళ్లే పద్ధతిగా పెరిగి, 2008కల్లా ప్రభుత్వ విధానమైంది.

కేరళకి వీలైంది మనకి ఎందుకు కాదు అంటే నాకు ఒక్క కారణమూ కనపడదు. ప్రతి నెలా ఒకటో తారీకున సచివాలయం ఉద్యోగి మంచం పట్టిన మనిషి గుమ్మం ముందుకొచ్చి పింఛను చేతిలో పెడుతున్నాడు. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి నెలకి 15,000. రాష్ట్రంలో మంచం మీదున్న ప్రతి మనిషి ఇల్లూ ప్రభుత్వానికి తెలుసు, దారి తెలుసు, పేరు తెలుసు. ఆ ఉద్యోగి వెనకాలే ఒక నర్సు రావాలి. వీపు మీద పుండు చూడాలి, నొప్పి ఎంతుందో అడగాలి, 'పోవాలనిపిస్తోందా తాతా?' అని కూడా అడగాలి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడేవాళ్లున్నారు. పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది.

ఇదంతా చేసినా వెంకటేశ్ లాంటి మనిషి మిగులుతాడని నాకు తెలుసు. అతనికి చెప్పడానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ అతనికి ఇవ్వగలిగిన దాంట్లో సగం ఇప్పటికే చట్టంలో ఉంది. చికిత్స వద్దనే హక్కు, యంత్రం తీసేయమనే హక్కు, ఆ హక్కుని ముందే కాగితం మీద పెట్టుకునే వీలు. అది మన జిల్లాలకి దిగిరాలేదు, అంతే.

ఆ కాగితం సంగతి. 18 ఏళ్లు నిండి బుద్ధి స్థిమితంగా ఉన్నవాళ్లెవరైనా రాసుకోవచ్చు. కోలుకునే ఆశ లేని దశ వస్తే ఏ చికిత్స వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరించుకుంటే చాలు. 2018లో మేజిస్ట్రేటు కావాలన్నది 2023లో తీసేశారు. ఒక కాపీ ఇంటి డాక్టరుకి, ఒకటి పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఇందుకోసం నియమించిన అధికారికి ఇవ్వాలి. సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో ముగ్గురు డాక్టర్ల బోర్డు ఒకటి, జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుతో కూడిన మరో ముగ్గురి బోర్డు ఒకటి, వీలైనంతవరకు 48 గంటల్లో తేలుస్తాయి. మేజిస్ట్రేటుకి తెలియపరిస్తే సరిపోతుంది. కాగితం రాసుకోకపోయినా ఇంటివాళ్ల ఒప్పుకోలుతో ఇదే పద్ధతి. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దీన్ని అమలు చెయ్యమని తన ఆసుపత్రులకి ఉత్తర్వు ఇచ్చింది.

కాబట్టి చదువుతున్నవాళ్లకి రెండు మాటలు. మీ ఇంట్లోనో, మీలోనో 'ఇక చాలు' అన్న ఆలోచన తిరుగుతుంటే ఒక్కరే మొయ్యకండి, 14416కి ఫోను చెయ్యండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఏ పూటైనా ఎత్తుతారు, డబ్బు తీసుకోరు. రెండోది: వచ్చే సోమవారం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కలెక్టరేట్‌కి వెళ్లే పని ఉంటే ఒక అర్జీ అదనంగా పెట్టండి. మా జిల్లాలో ఆ రెండో బోర్డుకి వైద్యాధికారి ఎవరి పేరు ఇచ్చారు, మా పంచాయతీలో ఆ కాగితం ఎవరికి ఇవ్వాలి, మా పీహెచ్‌సీలో నొప్పి మందు ఎప్పటి నుంచి ఉంటుంది అని అడగండి. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.